చదివిందే చదవడమా, పుస్తకం మూసేయడమా: డీఎస్సీకి ఏది మేలు?

అనంతపురంలో రూము తీసుకుని డీఎస్సీకి చదివే మా బ్యాచ్‌ది ఒక తమాషా. డీఎస్సీకి ముందు రాసే టీచర్ల అర్హత పరీక్ష టెట్‌లో 150 మార్కులకు శిశు వికాసం, పెడగాజీ (బోధనా పద్ధతులు)వే 30. నేర్చుకున్నది రోజులు గడిచేకొద్దీ ఎలా మర్చిపోతామో చూపే ఎబ్బింగ్‌హాస్ విస్మృతి వక్రరేఖ 1885 అని సంవత్సరంతో సహా అందరికీ కంఠతా వచ్చు, కానీ ఆ రేఖ మన మీద కూడా పనిచేస్తుందని ఎవరికీ తట్టదు. నేనైతే నోట్సు ఐదుసార్లు చదివి, పచ్చ హైలైటర్ అరగదీసి, తీరా హాల్లో కూర్చున్నాక ఆ బిట్టు ఏ పేజీలో ఏ మూల ఉందో గుర్తొచ్చింది గానీ జవాబు రాలేదు.

2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే మనోవిజ్ఞానవేత్తలు కాలేజీ విద్యార్థుల మీద ఇదే చూశారు. ఒక గుంపు ఒక పాఠాన్ని నాలుగు విడతలు చదివింది. ఇంకో గుంపు ఒక్క విడతే చదివి, మిగతా మూడు విడతలూ పాఠం చూడకుండా గుర్తున్నదంతా రాసింది. ఐదు నిమిషాలకే పరీక్ష పెడితే చదివినవాళ్లకు 83 శాతం, రాసినవాళ్లకు 71. వారం తర్వాత పెడితే చదివినవాళ్లు 40కి పడిపోయారు, రాసినవాళ్లు 61 దగ్గర ఉన్నారు. అంటే హాలు గేటు బయట నిలబడి తిరగేయడానికైతే చదవడమే మేలు, నెలల తర్వాత రాసే డీఎస్సీకి మాత్రం పుస్తకం మూయాల్సిందే. చిక్కేమిటంటే, బాగా గుర్తుంటుందని ఎక్కువ ధీమాగా చెప్పింది పదేపదే చదివిన గుంపే. కళ్లకు అలవాటైన వాక్యం వచ్చేసినట్టే అనిపిస్తుంది మరి, మూసి రాయబోతే సగం రాక టెన్షన్ పుడుతుంది, అందుకే ఎవరూ మూయరు.

బిట్ బ్యాంకులు రెండింటికీ మధ్యలో ఉంటాయి. నాలుగు ఆప్షన్లలో జవాబును గుర్తుపట్టడం తేలిక, పైగా కీ చూసుకోకపోతే తప్పు ఆప్షనే బుర్రలో నాటుకుంటుంది. అసలు పరీక్షే బిట్లు కాబట్టి వదలలేం, కానీ ముందు ఆప్షన్లను చేత్తో మూసి జవాబు అనుకుని, తర్వాతే చూడండి.

ఒక్క మాట, అర్థం కాని పాఠానికి ఇది పనికిరాదు. మూస్తే తెల్లకాగితమే మిగులుతుంది, ముందు నిదానంగా చదవాల్సిందే.

పొద్దున ఉగ్గాని తినేటప్పుడు నేనూ మా రూమ్మేటూ ప్రశ్నలు వేసుకుంటాం. నిన్న "రేయ్, నేర్చుకోవడం మీద థార్న్‌డైక్ చెప్పిన నియమాలు మూడూ చెప్పు, లేదంటే బజ్జీ నాది" అన్నా. సంసిద్ధత, ఫలితం చెప్పి ఆగిపోయాడు. మర్చిపోయింది అభ్యాస నియమం. బజ్జీ నేనే తిన్నా.