ఊళ్లో పాత గడీ: కాలేజీకా, హోటల్‌కా, మడిగెలకా?

పోయిన ఎండాకాలం మా చేనేత గ్రూపు దుకాణం కోసం వెతికితే రెండు జాగాలు దొరికాయి. ఒకటి బస్టాండు ఎదురుగా కొత్త మడిగె, ఇంకోటి ఊరి నడుమ గడీలో, అంటే వెనకటి దొరల కోటలాంటి ఇంట్లో, ముందరి రెండు గదులు. మేం గడీనే తీసుకున్నాం. అప్పటి నుంచి దేవరకొండ వైపు నుంచి, కొల్లాపూర్ వైపు నుంచి ఫోన్లు వస్తూనే ఉన్నాయి. అందరూ అడిగేది ఒక్కటే: "మా ఊళ్లో కూడా గడీ ఉందన్నా, కూలేట్టుంది. కాలేజీ పెట్టమందామా, హోటల్ వాళ్లకిద్దామా, మీ లెక్క మడిగెలు చేద్దామా?"

నేను ముందు మిద్దె సంగతి అడుగుతాను. మిరుగు (మృగశిర కార్తె) రాకముందు ఆ మిద్దె మీదికి ఎక్కేదెవరు? మొదటి వానకు చుక్క కారితే ఆ రోజే చూసేదెవరు? మన దిక్కు చాలా గడీలకు టేకు దూలాల మీద ఇటుక, డంగు సున్నంతో దిమ్మిస కొట్టి వేసిన మిద్దెలే ఉంటాయి. ఏటా తూముల్లో ఆకులు తీసి, పగుళ్లు పూడిస్తే తరాలు నిలుస్తాయి. వదిలేస్తే నీళ్లు గోడలోకి దిగి, దూలం తల గోడలో దాగిన చోటే పుచ్చుతుంది. కింద నిలబడి చూస్తే దూలం గట్టిగానే కనిపిస్తుంది. మేం గదులు తీసుకున్నప్పుడు పిట్టగోడ సందులో జానెడు రావి మొక్క ఉండేది. పీకబోతే వేరు మూరెడు లోపలికి పోయి ఇటుకల వరసనే జరిపేసింది. రెండు ఆకులప్పుడే ఎవరైనా చూసుంటే గోరుతో తీసేసే పని.

ఆ పగులుకు సిమెంట్ పూద్దామంటే పాత మేస్త్రి ఒప్పుకోలేదు. "సున్నం గోడకు చెమట పడ్తది. సిమెంట్ కొడ్తే ఆ చెమట యాడికి పోవాలె?" అన్నాడు. నిజమే, పక్క గదిలో ఎవరో ఎప్పుడో కొట్టిన సిమెంట్ పూత ఇటుక పొరను కూడా పట్టుకుని పెచ్చులుగా ఊడుతోంది. సున్నం, ఇసుక కలిపి నూరించి, కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు పోసి మా పగులు పూడ్చాడు. ఆలస్యం అయింది, ఖర్చూ ఎక్కువే. ఆ వానాకాలం మాత్రం చుక్క కారలేదు.

ఇక కాలేజీ. గద్వాల కోటలో డిగ్రీ కాలేజీ, వనపర్తి రాజభవనంలో పాలిటెక్నిక్ నడవడం చిన్న సంగతి కాదు. సంస్థానం రోజుల్లో గుమ్మం దగ్గరే ఆగిపోవాల్సిన ఇళ్ల పిల్లలు ఆ గోడల మధ్య చదువుకున్నారు. పెద్ద కోటకు, పెద్ద ఊరికి అది చక్కగా కుదురుతుంది. ఊరి గడీకి మాత్రం ల్యాబులు, పెద్ద తరగతి గదులు సరిపోవు. రిపేరు చేయాలంటే ఎస్టిమేట్, ఫైలు, టెండరు. పైగా ఎండాకాలం సెలవుల్లో తాళం పడుతుంది, మిద్దె చూసుకోవాల్సిందీ సరిగ్గా అప్పుడే.

హోటల్‌కు డబ్బు బలం ఉంటుంది, కాదనను. ఫలక్‌నుమాను బాగు చేయడానికి దాదాపు పదేళ్లు పట్టింది, 2010లో తెరిచారు. అది హైదరాబాద్, అది నిజాం ప్యాలెస్. మన గడీకి అంత ఓపిక పట్టే కంపెనీ రాదు, వచ్చినా అతిథులు దిగే గదుల వరకే చూసుకుంటుంది. నాకు ఇంకో బాధ కూడా ఉంది. నల్లగొండలో గడీ అంటే వెట్టి గుర్తొస్తుంది. 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటంలో జనం ఆ దర్వాజల మీదికే పోయారు. మా దుకాణం తెరిచిన నాడు ఒక ముసలవ్వ దర్వాజ దగ్గరే ఆగి చెప్పులు విప్పబోయింది. వెనకట గడీ ముందర నడిచేటప్పుడు చెప్పులు చేతిలో పట్టుకునేవాళ్లట. మా చెల్లె ఆమె చెయ్యి పట్టుకుని, చెప్పులతోనే లోపలికి తీసుకొచ్చింది. అదే దర్వాజ దగ్గర మళ్లీ వాచ్‌మన్‌ను నిలబెట్టి ఊరోళ్లను ఆపడం నా మనసొప్పదు.

మ్యూజియం అంటారా, నల్లగొండ పక్కన పానగల్లులో లాగా శిల్పాలూ శాసనాలూ దొరికిన చోట బాగుంటుంది. లేనిచోట ఆలోచన వద్దు.

మడిగెల్లోనూ తిప్పలున్నాయి. బస్టాండు దగ్గరైతే దారిన పోయేవాళ్లు ఆగుతారు, గడీకి వెతుక్కుంటూ రావాలి. మొదటి మూడు నెలలు కిరాయి కూడా అమ్మకాల్లోంచి ఎల్లలేదు. వానాకాలం పట్టు చీరల బీరువా గోడకు ఆనించకూడదని ఒక చీర మచ్చలు పడ్డాక తెలిసింది. పక్కన టైలర్ గోడకు మేకులు కొడతానంటే పెద్ద గొడవే అయింది. అయినా నా ఓటు మడిగెలకే. ఇప్పుడు అక్కడ మేం, టైలర్, పచ్చళ్లు పెట్టే మహిళా సంఘం, సాయంత్రం పేపర్లు చదువుకునే గది, నాలుగు రకాల జనం రోజూ ఉంటాం. ఎవరి నెత్తిన చుక్క పడ్డా వాళ్లే నిచ్చెన తెస్తారు. ఏప్రిల్ మధ్యాహ్నం కూలర్ లేకుండా, నేతకు ముందు నూలు చుట్టే ఆసు పోసుకోగలుగుతున్నాం, ఆ మందం గోడల పుణ్యం.

దిగేముందు నాలుగు మాటలు. ఆ కట్టడం రక్షిత జాబితాలో ఉందేమో కనుక్కోండి. తెలంగాణలో 2017 వారసత్వ చట్టం ఉంది, జాబితాలో ఉంటే అనుమతి లేకుండా చెయ్యి పెట్టొద్దు. ఓనర్లతో కాగితం పదేళ్లకు తక్కువ రాసుకోవద్దు, మిద్దె బాధ్యత ఎవరిదో అందులోనే ఉండాలి. మేం ప్రతి నెలా కిరాయితో పాటు తలా కొంత మిద్దె ఖాతాలో వేస్తాం. బాత్రూంలు గడీ గోడకు తగలకుండా వేరుగా కట్టండి.

ఇక నుంచి ఫోన్ చేసేవాళ్లు ముందు మిద్దె ఎక్కి ఫొటోలు తీసి పంపండి. తూముల దగ్గర, పిట్టగోడ మూలల్లో దగ్గరగా తీయండి.