పది నెలలు డబ్బు కట్టి వాడాక: ఒక దస్తావేజు లేఖరి అనుభవం

అనంతపురంలో దస్తావేజులు రాయడం నా వృత్తి. ఏఐ అసిస్టెంట్‌ను ఏడు నెలలు ఉచితంగా వాడాను. తర్వాత పది నెలలు నెలకు దాదాపు 2,000 రూపాయలు కట్టి వాడాను.

కట్టింది ఒక్క పని కోసం. పాత దస్తావేజు ఫోటో తీసి పెడితే, గొలుసుకట్టు రాతను చదివి టైపు చేసిస్తుంది. అద్దాలు పెట్టుకున్నా నాకు ఆనని అక్షరాలను అది పట్టుకోవడం మొదటిసారి చూసి ఎంత సంతోషించానో! ఉచిత ఖాతాలో మూడో పేజీకే కోటా అయిపోయేది. తెలుగును ఇవి ఇంగ్లిష్ కంటే ఎక్కువ ముక్కలు చేసి లెక్కేసుకుంటాయి, అందుకే మనకు తొందరగా కరిగిపోతుంది. అవతల పార్టీ రిజిస్ట్రేషన్‌కు స్లాట్ తీసుకుని బెంచీ మీద కూర్చుని ఉంటే ఇక్కడ 'కొన్ని గంటల తర్వాత ప్రయత్నించండి' అని వస్తే ఏం చెప్పాలి?

డబ్బు కట్టాక ఆ బాధ తప్పింది. ఆరో నెలలో మాత్రం గుండె జారిపోయే సంగతి జరిగింది. ఇంగ్లిష్‌లో ఉన్న పాత దస్తావేజులో విస్తీర్ణం 'ఎకరాలు 2.35' అని ఉంది. ఏఐ దాన్ని '2 ఎకరాల 35 గుంటలు' అని తెలుగు చేసింది. నేనూ చూసుకోలేదు. ముసాయిదా పైకి చదివి వినిపించడం మా నాయన నేర్పిన అలవాటు. వింటున్న పెద్దాయన చెయ్యెత్తి ఆపాడు. "ఇదేంది నాయనా, నాది రెండెకరాల ముప్పై ఐదు సెంట్లు కదా?"

మా వైపు ఎకరాకు 100 సెంట్లు. తెలంగాణలో ఎకరాకు 40 గుంటలు. 35 గుంటలంటే 87న్నర సెంట్లు. లేని యాభై రెండున్నర సెంట్ల భూమి కాగితం మీదికి ఎక్కేది. ఆ రాత్రి అదే పేజీని ఉచిత ఖాతాలో పెట్టి చూశాను. అక్కడ సెంట్లని సరిగ్గానే రాసింది! ఆ కోపం నాకింకా తీరలేదు. నా 2,000కు వచ్చింది పెద్ద కోటా, అంతే. 'మా జిల్లాలో సెంట్లే, గుంటలు రాయొద్దు' అని శాశ్వత సూచనగా పెట్టాక ఆ తప్పు మళ్ళీ రాలేదు. గొలుసుకట్టు చదువుతుందన్నానే, తెలుగు అంకెలొస్తే ౨కూ ౩కూ ఇప్పటికీ తడబడుతుంది. సర్వే నంబరు నేను చూడనిదే ముందుకు పోను.

ఆధార్ ఉన్న పేజీ దేనికీ ఇవ్వను. డబ్బు కట్టినంత మాత్రాన మన మాటలు ఏఐ శిక్షణకు పోకుండా ఆగవు. చాలా వ్యక్తిగత ప్లాన్లలో ఆ సెట్టింగు మనమే ఆపుకోవాలి.

వారానికి రెండు మూడు దస్తావేజులు రాసేవాళ్ళకు ఉచితం సరిపోతుందనుకుంటా. నాకు సీజన్లో రోజుకు నాలుగైదు ఉంటాయి, చూపు తగ్గింది, సాయానికి మనిషి లేడు. ఆషాఢంలో రిజిస్ట్రేషన్లు పలచబడతాయని ఆటోపే తీసేశాను. 2025 ఆగస్టులో చాట్‌జీపీటీ గో అనే చౌక ప్లాన్ నెలకు 399 రూపాయలకు వచ్చింది. శ్రావణంలో పని అందుకుంటే ముందు అలాంటిదొకటి ఒక నెల చూస్తాను. మూడో పేజీ దాటితే చాలు, 2,000 ప్లాన్ జోలికి పోను.