జంపర్ సినిమా కొనబోతున్నారా? పిల్లలుంటే ఒక్క నిమిషం ఆగండి

ఇంకా మంట తగ్గలేదు, తప్పులుంటే సర్దుకుని చదవండి. నిన్న రాత్రి 490 రూపాయలు తగలేశాను. ఏ యాప్‌లోనో చెప్పక్కర్లేదు, అద్దె బటనూ కొనే బటనూ పక్కపక్కనే పెట్టే ఆ యాప్ మీ ఫోన్లోనూ ఉండే ఉంటుంది. అద్దె 120. నేను నొక్కింది రెండోది. కళ్ళజోడు పెట్టుకోలేదు, ఆ తప్పు నాదే. ఇప్పుడా సినిమా శాశ్వతంగా నా సొంతమట. మురిసిపోతున్నాను.

2008లో వచ్చిన హాలీవుడ్ సినిమా. 'కుటుంబమంతా చూడదగినవి' అన్న వరసలో పెట్టారు. 88 నిమిషాలే కదా, భోజనాలు చేస్తూ చూసేద్దాం అనుకున్నాం. డేవిడ్ అనే కుర్రాడు తలుచుకుంటే చాలు, ఎక్కడికైనా క్షణంలో మాయమై వెళ్ళిపోగలడు. ఆ శక్తితో బ్యాంకు దోచాడు. ఇంట్లోంచి పారిపోయిన పిల్లాడు కదా, ముందు ముందు మారతాడులే అని మా ఆవిడకి నేనే నచ్చజెప్పాను. నాకెందుకు చెప్పండి ఆ వకాల్తా?

పెద్దయ్యాక న్యూయార్క్‌లో ఫ్లాటు, దోచిన డబ్బుతో జల్సా. పక్కనున్న రిమోట్ అందుకోవడానికి కూడా సోఫాలో ఈ చివర మాయమై ఆ చివర తేలతాడు. పదకొండేళ్ళ మా వాడు పడీ పడీ నవ్వాడు. నేనూ నవ్వాను. అప్పుడే ఆ సీన్లో టీవీలో వార్తలు. వరదలో జనం చిక్కుకుపోయారు, వాళ్ళ దగ్గరికి వెళ్ళే దారి లేదు. మా వాడు అన్నం కంచం పక్కన పెట్టి, "ఇప్పుడు వెళ్తాడు చూడు నాన్నా" అన్నాడు.

మాది విజయవాడ సింగ్ నగర్. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి మీద పడ్డప్పుడు మేడ మీదే ఉండిపోయాం. పక్క డాబా వాళ్ళు తాడుకి కట్టి పంపిన పాల ప్యాకెట్టు ఎలా ఊగుతూ వచ్చిందో మా వాడు ఇప్పటికీ చేత్తో చూపిస్తాడు. డ్రోన్ చప్పుడైతే చాలు, అన్నం పొట్లాలొస్తున్నాయని పిట్టగోడ దగ్గరికి పరిగెత్తేవాడు.

డేవిడ్ వెళ్ళాడండీ. లండన్ వెళ్ళాడు. బార్‌లో అమ్మాయి కోసం. ఆ తర్వాత ఈజిప్టులో స్ఫింక్స్ తల మీద తీరిగ్గా కూచుని భోజనం.

"వెళ్ళలేదేంటి నాన్నా?" అంటే ఏం చెప్పను? తర్వాత వెళ్తాడేమో అన్నాను. నేనే ఆ సినిమా తీసినట్టు మా ఆవిడ నావైపు ఒక చూపు చూసింది. చివరిదాకా కూచున్నాం, ఆ వరద ఊసే మళ్ళీ రాలేదు.

కడుపుమంటలోనూ నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నా, వినోదానికి పదికి ఆరు ఇస్తాను. టోక్యో వీధుల్లో కారుతో సహా మాయమవుతూ తేలుతూ పోయే సీను అదిరింది. రోమ్ కొలోసియంలో ఫైటూ బాగుంది. నీతి సంగతి మాత్రం అడక్కండి. తెల్లజుట్టు శామ్యూల్ జాక్సన్ ఇలాంటి శక్తి దేవుడికొక్కడికే ఉండాలంటూ డేవిడ్ లాంటివాళ్ళని వేటాడి చంపుతుంటాడు. వాడు విలనే. కానీ మన హీరో వేషాలు చూశాక ఆ విలన్ మాటే సబబుగా అనిపిస్తే అది నా తప్పా? తనలాంటి శక్తే ఉండి తోడొచ్చిన గ్రిఫిన్ అనేవాణ్ణి మన డేవిడ్ కరెంటు తీగల్లో చిక్కుకుపోయి ఉండగానే వదిలేసి పోతాడు. హీరోయిన్‌ని కాపాడాలని తొందర, సరే, ఆ పని అయ్యాకైనా రావచ్చుగా! దొంగ హీరోలు మనకేం కొత్త కాదు. మన సినిమాల్లో దొంగైనా ఊళ్ళో అవ్వకి ఓ బియ్యం బస్తా వేస్తాడు.

రాత్రి పదకొండింటికి యాప్ వాళ్ళ చాట్‌లో గోల పెట్టాను. "సినిమా ప్లే చేశారు కాబట్టి రిఫండ్ కుదరదు సర్." మరి ఆ వరసలో ఎందుకు పెట్టారయ్యా అంటే, "మీ అభిరుచిని బట్టి సిస్టమే చూపిస్తుంది సర్." నా అభిరుచట! చివర్లో "ఇంకేమైనా సహాయం కావాలా?" అని ఒకటి. ఇంకేమైనా అట, మొదటిదేదో చేసినట్టు.

కొనే ముందు బటన్ చూసి నొక్కండి. దీనికి అమెరికాలోనే పీజీ-13 ఇచ్చారు, అంటే పదమూడేళ్ళ లోపు పిల్లలకి కొన్ని సీన్లు తగకపోవచ్చని హెచ్చరిక, నేనది సినిమా అయ్యాక చూశాను. చిన్నపిల్లలుంటే ముందు ఓ అరగంట మీరొక్కరే చూడండి. ఇలా పొరపాటున కొన్నవాళ్ళెవరికైనా డబ్బు వెనక్కి వచ్చిందా? వస్తే ఎలా వచ్చిందో కాస్త చెప్పండి, ఆ చాట్ ఇంకా తెరిచే ఉంచాను.