571 కెమెరా తీసేసి 533 కెమెరా పెట్టుకున్నాక: 80 మి.మీ. టెలిస్కోప్‌తో నా అనుభవం

ఆకాశం ఫొటోలు తీసే కెమెరాల్లో వచ్చే ఐఎంఎక్స్ 533 అనే ఈ చిన్న చదరపు సెన్సర్ మీద నాకు కాస్త పక్షపాతం ఉంది, ముందే చెప్పేస్తున్నా. ఐఎంఎక్స్ 533 ఉన్న కూల్డ్ (సెన్సర్‌ని చల్లబరిచే) కలర్ కెమెరాని 80 మి.మీ. ఎఫ్/6 ట్రిప్లెట్‌కి (మూడు కటకాల టెలిస్కోప్‌కి) తగిలించి చాలాకాలంగా వాడుతున్నాను. అంతకుముందు అదే టెలిస్కోప్‌కి ఏపీఎస్-సీ సైజు (533 కంటే బాగా పెద్ద) ఐఎంఎక్స్ 571 సెన్సర్ కెమెరా ఉండేది. రెండిట్లోనూ పిక్సెల్ 3.76 మైక్రాన్లే కాబట్టి 480 మి.మీ. ఫోకల్ లెంగ్త్ దగ్గర రెండూ పిక్సెల్‌కి 1.6 ఆర్క్‌సెకండ్లే (ఆర్క్‌సెకండ్ అంటే డిగ్రీలో 3600వ వంతు) ఇస్తాయి. మామూలు రాత్రుల్లో గాలి కదలికకి నక్షత్రం 2 నుంచి 4 ఆర్క్‌సెకండ్ల దాకా ఉబ్బుతుంది గనక ఆ లెక్క బాగానే కుదురుతుంది, కెమెరా, టెలిస్కోప్ జోడీ కుదురుతుందో లేదో చెప్పే ఏ కాలిక్యులేటర్‌లో వేసినా రెండిటికీ సరే అనే పచ్చరంగే వస్తుంది. నా కడుపుమంటంతా ఆ పచ్చరంగు మీదే. అది పిక్సెల్ సంగతి చెబుతుంది కానీ ఫ్రేమ్ మూలల గురించి ఒక్క ముక్క చెప్పదు.

571తో మొదట్లో బాగానే ఉండేది. 0.8 రెడ్యూసర్ (ఫోకల్ లెంగ్త్ తగ్గించే లెన్స్) పెట్టి ఎఫ్/4.8కి దిగాక తలనొప్పి మొదలైంది. కుడివైపు పై మూలలో నక్షత్రాలన్నీ కోడిగుడ్లలా వచ్చేవి. ఎవరినడిగినా బ్యాక్‌ఫోకస్, అంటే రెడ్యూసర్‌కీ సెన్సర్‌కీ మధ్య దూరం, తేడాగా ఉందన్నారు. రెడ్యూసర్ నుంచి సెన్సర్‌కి 55 మి.మీ. ఉండాలి, మధ్యలో 2 మి.మీ. మందం ఫిల్టర్ ఉంటే ఆ మందంలో మూడోవంతు కలిపి 55.7 చెయ్యాలి. సరే, పల్చటి రింగులు (స్పేసర్లు) వేశాను, తీశాను, మళ్ళీ వేశాను. అయితే బ్యాక్‌ఫోకస్ తేడా వల్ల అయితే నాలుగు మూలలూ ఇంచుమించు ఒకేలా చెడాలి కదా, నాకు చెడింది ఒక్క మూలే. అంటే టిల్ట్, సెన్సర్ కాంతికి సూటిగా కాక వంకరగా ఉండటం. కెమెరాని 180 డిగ్రీలు తిప్పి బిగించి మళ్ళీ తీశాను. లోపల సెన్సరే వంకరగా కూర్చుని ఉంటే తిప్పినా ఫొటోలో అదే మూల చెడాలి, కానీ ఈసారి ఎదురు మూల చెడింది. కెమెరా తప్పేం లేదన్నమాట.

ఆ వంకర సరిచేసే టిల్ట్ ప్లేట్ స్క్రూలు కొద్దికొద్దిగా తిప్పుకుంటూ ఎలాగో సరిచేశాను. నాలుగు మూలలూ గుండ్రంగా వచ్చాయి, ఇక వదిలిందనుకున్నా. టెలిస్కోప్‌ని మోసే మౌంట్ మెరీడియన్ (ఆకాశాన్ని తూర్పు, పడమరలుగా విడదీసే గీత) దాటి అటువైపు తిరిగిందో లేదో, అప్పటిదాకా బాగున్న ఎడమ కింది మూల సాగిపోయింది, అదీ మొదటికంటే ఎక్కువగా. అప్పుడు తెలిసింది, కెమెరా బరువుకి ఫోకసర్ డ్రాట్యూబ్ (ఫోకస్ కోసం ముందుకీ వెనక్కీ జరిగే గొట్టం) ఒరుగుతోందని. టెలిస్కోప్ అటు తిరిగితే ఒరుగుడూ అటే తిరుగుతుంది, దానికి స్క్రూలు ఏం చేస్తాయి? లాక్ గట్టిగా బిగిస్తే ఫోకస్ జారుతుంది. ఎఫ్/4.8 దగ్గర నక్షత్రం పదునుగా ఉండే సందు మొత్తం 0.06 మి.మీ. మాత్రమే, 28 మి.మీ. డయాగనల్ ఉన్న సెన్సర్ ఈ కొస నుంచి ఆ కొస దాకా అందులోనే ఇమడాలి.

533 డయాగనల్ 16 మి.మీ. అదే ఫోకసర్, అదే రెడ్యూసర్, స్పేసర్లు కూడా అవే. కెమెరా తేలిక కాబట్టి ఒరుగుడు కొంత తగ్గి ఉండొచ్చు కానీ పూర్తిగా పోలేదు, ఫ్రేమ్‌లోకి రావడం మానేసిందంతే. మెరీడియన్ దాటాక ఫైళ్ళు తెరవాలంటే ఇప్పుడు టెన్షన్ లేదు. చదరంగా ఉండటం వల్ల అడ్డంగా పెట్టాలా నిలువుగా పెట్టాలా అన్న గోల కూడా తప్పింది. ఒక్కో రా ఫైలు 50 ఎంబీ పైచిలుకు నుంచి 18కి దిగడంతో స్టాకింగ్ (ఫొటోలన్నీ ఒకదానిమీద ఒకటి పేర్చి కలపడం) నా పాత లాప్‌టాప్ మీదే అయిపోతోంది.

ఫ్లాటెనర్ (మూలల్లో మసక తెచ్చే ఫీల్డ్ వంపుని సరిచేసే లెన్స్) కూడా అక్కర్లేదని కొన్న కొత్తలో తెగ చెప్పుకున్నాను. అది అంత నిజం కాదు. ఫీల్డ్ వంపు వల్ల వచ్చే మసక మధ్య నుంచి దూరం వర్గాన్ని బట్టి పెరుగుతుంది గనక 571 మూలల్లో కనిపించేదాంట్లో మూడోవంతు ఇక్కడా మిగులుతుంది. ఫోన్‌లో చూస్తే తెలీదు, పెద్దది చేసి చూస్తే తెలుస్తుంది.

ఫ్రేమ్ చిన్నదన్న మాటా వాస్తవమే. రెడ్యూసర్ లేకుండా 1.35 డిగ్రీల చదరం. ఒరాయన్ నెబ్యులా సుఖంగా పడుతుంది, రొజెట్ అంచులకి తగులుతుంది. మూడు డిగ్రీల ఆండ్రోమెడా మాత్రం రెడ్యూసర్ పెట్టినా పట్టదు. ఈమధ్య దాన్ని ముక్కలుగా తీసి అతికించే మొజాయిక్‌గా తీస్తూ, రెండు ముక్కల మధ్య వెలుతురు తేడా కలపలేక, 571 ఎందుకు తీసేశానా అని బాగానే తిట్టుకున్నాను.

571 మధ్యలోంచి 3008 × 3008 క్రాప్ చేస్తే వచ్చేదీ ఇదే కదా అంటారు. అవును, అదే. కాబట్టి ఆ కెమెరా చేతిలో ఉన్నవాళ్ళు ఇది కొనేముందు పాత ఫైళ్ళు అలా క్రాప్ చేసి చూసుకోండి. నేను రోజూ సామాను బయటికి మోసుకెళ్ళి, తెల్లారేలోపు విప్పి లోపల పెట్టే మనిషిని, ఫోకసర్ కూడా మామూలుదే, తీసేవి ఎక్కువగా చిన్న నెబ్యులాలు. గట్టి ఫోకసర్ ఉండి, ఒకసారి బిగించాక కదపనక్కర్లేని సెటప్ ఉన్నవాళ్ళయితే నా మాట విని 571 అమ్ముకోకండి.