నెలలు నిండని బిడ్డకి బాక్సా, అమ్మ గుండెలా: ఏది మేలు?

బిడ్డ రెండు కిలోలు కూడా లేదంటే మా కోనసీమలో ముందు వచ్చే మాట, "బాక్సులో పెట్టించండమ్మా, డబ్బు సంగతి మేం చూసుకుంటాం" అని. బాక్సంటే బిడ్డని వెచ్చగా ఉంచే మిషన్, వార్మర్. నర్సుగా నేను చెప్పేది ఒకటే: బిడ్డ తనంతట తాను ఊపిరి తీసుకుంటుంటే అమ్మ గుండెల మీదే మేలు. ఖర్చు తగ్గుతుందని చెప్పే మాట కాదిది.

నెల తక్కువ బిడ్డకి ఒంట్లో కొవ్వు తక్కువ, చర్మం పల్చన. వేడి నిలవదు. చల్లబడితే పాలు తాగదు, రక్తంలో చక్కెర పడిపోతుంది. వార్మర్ వేడి ఇస్తుంది, అంతవరకే. బిడ్డని ఇలా అమ్మ గుండెల మీద ఒంటికి ఆనించి ఉంచే కంగారూ పద్ధతిలో వేడితో పాటు తల్లికి పాలు బాగా పడతాయి, బిడ్డకి ఇన్‌ఫెక్షన్లూ తగ్గుతాయి. 1978లో కొలంబియాలోని బొగోటాలో మొదలైంది ఇది. 2021లో వెలువడిన అయిదు దేశాల పరిశోధనలో, కిలో నుంచి 1.8 కిలోల లోపు బిడ్డల్ని పుట్టిన వెంటనే ఇలా పెడితే, కుదుటపడేదాకా ఆగి పెట్టినప్పటి కంటే మరణాలు నాలుగో వంతు తగ్గాయి. అందులో ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి కూడా ఉంది.

బిడ్డకి టోపీ, సాక్సు, డైపర్ తప్ప ఇంకేం వద్దు. రొమ్ముల మధ్య నిలువుగా, కాళ్లు కప్పలా మడిచి, తల పక్కకి తిప్పి, గడ్డం కాస్త పైకి ఉంచి మెత్తటి పాత చీరతో కట్టాలి. మెడ ముందుకి వాలితే ఊపిరి ఆడదు, అది ఒక్కటి మాత్రం కనిపెట్టుకుని ఉండాలి. రోజుకి కనీసం 8 గంటలు, ఎంత ఎక్కువైతే అంత మంచిది. బాలింత అలిసిపోతే నాన్న, అమ్మమ్మ ఎవరైనా పెట్టుకోవచ్చు. నాన్నలు మొదట మొహమాటపడతారు గానీ ఒకసారి పెట్టుకున్నాక దించరు.

మరి బాక్సు ఎప్పుడు? ఊపిరికి మిషన్ కావాల్సినప్పుడు, బిడ్డ షాక్‌లో, అంటే ఒంట్లో రక్తప్రసరణ బాగా పడిపోయి ఉన్నప్పుడు. అప్పుడు మాత్రం వెనకాడకూడదు.

పురిటి గదిలో నిప్పుల కుంపటి, సాంబ్రాణి పొగ ఈ పోటీలోకే రావు. తలుపులు మూసిన గదిలో ఆ పొగ పసి ఊపిరితిత్తులకి విషం.

లంక గ్రామాల వాళ్లకి ఇంకో మాట. వరదల్లో పడవెక్కి, రేవు దాటి, 108 అందుకునేలోపే బిడ్డ చల్లబడిపోతుంది. తువ్వాలులో చుట్టి చేతుల్లో పట్టుకోకండి, జాకెట్టు లోపల ఒంటికి ఆనించి కట్టుకోండి. దారిలో పాదాలూ పొట్టా ముట్టుకుని చూస్తుండండి: పొట్ట వెచ్చగా ఉండి పాదాలు చల్లబడితే చలి మొదలైనట్టు. పొట్ట కూడా చల్లబడినా, పక్కటెముకల కింద డొక్క లోపలికి లాగుతున్నా, పెదాలు నీలంగా మారినా, ఆసుపత్రికి చేరగానే ముందు ఆ సంగతే చెప్పండి.