కాఫ్కా స్ట్రీమ్స్‌తో నాలుగేళ్లు: తప్పు సమయం పట్టుబడేదెక్కడ, జారిపోయేదెక్కడ

పలమనేరు, బంగారుపాళ్యం వైపు పల్లెల్లో రోజుకు రెండు పూటలా పాలు సేకరణ కేంద్రానికి చేరతాయి. అక్కడి శీతలీకరణ ట్యాంకుల ఉష్ణోగ్రతలు, తూకాలు, వెన్న శాతాలు తిరుపతిలోని మా ఆఫీసుకు కాఫ్కా (సందేశాలను వరుసగా దాచి అందించే సాఫ్ట్‌వేర్) మీదుగా వస్తాయి. వాటిని పావుగంటకొక విండోగా (సమయపు ముక్కగా) లెక్కకట్టే పనిని నాలుగేళ్లుగా కాఫ్కాతో వచ్చే కాఫ్కా స్ట్రీమ్స్ లైబ్రరీకే అప్పగించాం. పాలు 4 డిగ్రీల దగ్గర ఉండాలి. ట్యాంకు వేడెక్కుతున్న సంగతి ఆలస్యంగా తెలిస్తే ఆ పూట పాలు విరిగిపోతాయి. కాబట్టి రికార్డు (ఒక్కో రీడింగు సందేశం) మీది సమయమే మాకు ప్రాణం.

మొదటి దెబ్బ మొదటి నెలలోనే తగిలింది. ఒక కేంద్రంలో పాతకాలపు గేట్‌వే (రీడింగులను నెట్‌వర్క్ మీద పంపే పెట్టె) ఉండేది. కాఫ్కా 0.10 వెర్షన్‌కు ముందటి ఫార్మాట్‌లో టైమ్‌స్టాంప్ (రికార్డు మీది సమయం) అనేదే లేదు. అలాంటి రికార్డు సమయం -1గా కనబడుతుంది. మనం ఏమీ మార్చకపోతే, ఋణ సంఖ్య ఎదురవగానే స్ట్రీమ్స్ ఆగిపోతుంది. మళ్లీ నడిపితే అదే రికార్డు దగ్గరికి వచ్చి మళ్లీ ఆగుతుంది. ఆ రోజు చాలా చిరాకు పడ్డాను. ఇప్పుడు ఆ పద్ధతి మీద గౌరవమే ఉంది, తప్పు జరిగిందని గట్టిగా చెబుతుంది కనుక.

తర్వాత లాగ్ అండ్ స్కిప్ పెట్టాం. చెడ్డ రికార్డును లాగ్‌లో రాసి వదిలేస్తుంది. సర్వర్ గడియారాన్నే వాడే పద్ధతి కూడా ఉంది, కానీ మాకు పనికిరాదు. కరెంటు పోయి నెట్‌వర్క్ తెగినప్పుడు గేట్‌వే రెండు గంటల రీడింగులు దాచుకుని ఒక్కసారిగా పంపుతుంది. అవన్నీ ఒకే పావుగంటలో పడితే ట్యాంకు ఎప్పుడు వేడెక్కిందో ఎలా తెలుస్తుంది?

అసలు సమస్య వేరే చోట ఉంది. స్ట్రీమ్స్ దృష్టిలో చెల్లని సమయం అంటే సున్నా కంటే తక్కువ సంఖ్య, అంతే. సమయాన్ని 1970 జనవరి 1 నుంచి గడిచిన మిల్లీసెకన్లుగా లెక్కిస్తుంది. మిల్లీసెకన్ల బదులు సెకన్లు పంపిన పరికరం నుంచి 1700000000 వస్తే, అది 2023 నవంబరు కాదు, 1970 జనవరి 20 అవుతుంది. అది కూడా చెల్లుబాటే! పాత సమయం వల్ల నష్టం ఆ ఒక్క రికార్డుకే. భవిష్యత్తు సమయం వస్తే పక్కవాళ్లూ మునుగుతారు.

ఒక సాయంత్రం కేంద్రం నుంచి ఫోను వచ్చింది. "సార్, ట్యాంకు మీటరు 8 డిగ్రీలు చూపిస్తోంది. మీ దగ్గర హెచ్చరిక రాలేదా?" రాలేదు. తెరమీద ఆ ట్యాంకు గీత మధ్యాహ్నమే ఆగిపోయి ఉంది. ఎర్రర్ ఒక్కటీ లేదు. కారణం ఆ కేంద్రం కాదు, అదే పార్టిషన్‌లో (కాఫ్కా డేటాను విడదీసే భాగాల్లో ఒకటి) ఉన్న మరో కేంద్రం. అక్కడ ఆ మధ్యాహ్నమే మార్చిన పరికరం మన స్థానిక సమయాన్ని యూటీసీ (అంతర్జాతీయ ప్రామాణిక సమయం) అని రాసి పంపుతోంది, అంటే ఐదున్నర గంటలు ముందు. స్ట్రీమ్స్ లోపలి గడియారమైన స్ట్రీమ్ సమయం ఇప్పటిదాకా చూసిన అతి పెద్ద టైమ్‌స్టాంప్‌ను పట్టుకుని నిలుస్తుంది, వెనక్కి రాదు. మేము ఇచ్చిన గ్రేస్ గడువు (ఆలస్యంగా వచ్చే రికార్డుల కోసం విండోను ఇంకా తెరిచి ఉంచే సమయం) ఐదున్నర గంటల కంటే చాలా తక్కువ. దాంతో ఆ పార్టిషన్‌లో సరైన సమయంతో వచ్చిన కేంద్రాలన్నీ ఆలస్యమైనట్టు లెక్కలోకి వచ్చి, వాటి రీడింగులు రాలిపోయాయి. పరికరం గడియారం సరిచేశాక కూడా, అసలు సమయం వెళ్లి ఆ స్ట్రీమ్ సమయాన్ని అందుకునేదాకా ఆ రాత్రంతా కేంద్రాలకు ఫోన్లు చేసి రీడింగులు చేత్తో రాసుకున్నాం. పడేసిన రికార్డుల సంఖ్యను చూపే డ్రాప్డ్ రికార్డ్స్ మెట్రిక్ ఒక్కటే నిజం చెప్పింది. దాని మీద అలారం పెట్టకపోవడం మా తప్పు.

ఆ తర్వాత టైమ్‌స్టాంప్ తీసే కోడ్ మేమే రాసుకున్నాం, ఇరవై వరుసలు కూడా లేదు. సర్వర్ గడియారం కంటే పది నిమిషాలకు మించి ముందున్నా, 2020కి ముందటిదైనా ఆ రికార్డుకు పార్టిషన్ సమయం (ఆ పార్టిషన్‌లో అప్పటిదాకా చూసిన అతి పెద్ద సమయం) ఇచ్చి లోపలికి రానిస్తాం, వెంటనే వేరే టాపిక్‌కు (కాఫ్కాలో ఒక రకం సందేశాలకు పెట్టిన పేరున్న వరుస) మళ్లిస్తాం. ఉష్ణోగ్రత లెక్కలో కలపం. ఇలాంటి పైహద్దును విడిగా పెట్టే వీలు బ్రోకర్‌కు (సందేశాలను దాచే కాఫ్కా సర్వర్) 3.6 వెర్షన్ నుంచి ఉంది. స్ట్రీమ్స్‌లోనూ ఆ హద్దు ఉండాలని నా గట్టి కోరిక.

ఇన్ని చెప్పినా దీన్ని వదిలే ఆలోచన లేదు. సమయం తీసే పద్ధతిని ఒక్కో టాపిక్‌కు వేరుగా పెట్టుకునే వీలుంది, అది మాకు పెద్ద వరం. ఉష్ణోగ్రతల దగ్గర చెడ్డ రికార్డును పక్కకు తప్పిస్తున్నాం. తూకం, వెన్న శాతం వచ్చే టాపిక్ దగ్గర మాత్రం మొదటి పద్ధతినే ఉంచాను, సమయం చెల్లకపోతే ఆగిపోవాల్సిందే. అక్కడ జారిపోయే ఒక్క రికార్డు ఒక రైతు ఆ పూట పోసిన పాల డబ్బు.