వైజాగ్‌లో అమ్మకి శుక్లాల ఆపరేషన్: ఆసుపత్రి, రూము, ఖర్చుల సంగతి

శ్రీకాకుళం వైపు నుంచి కంటి ఆపరేషన్‌కి వచ్చేవాళ్ళు ఆర్టీసీ కాంప్లెక్స్ బస్టాండు దాకా పోనక్కర్లేదు, ఎల్వీ ప్రసాద్ కంటాసుపత్రికి అయితే హనుమంతవాక దగ్గరే దిగిపోవచ్చు. శంకర్ ఫౌండేషన్ కంటాసుపత్రి వేపగుంట వైపు, సర్కారు ప్రాంతీయ కంటాసుపత్రి వాల్తేరులో.

మేం ముందు సిటీలో ఇంకో ప్రైవేటు ఆసుపత్రికెళ్ళాం. కన్ను పూర్తిగా చూడకుండానే ప్యాకేజీల చార్టు ముందెట్టేశారు, లేజరంట, మల్టీఫోకలంట. "కంట్లో సూది పొడుస్తారేటి పాపా?" అని అమ్మ అడిగితే దానికి మాత్రం జవాబు లేదు. లేచొచ్చేశాం.

రెండోచోట డాక్టరుగారు ముందు కన్ను చూసి తర్వాత మాట్లాడారు. ఫేకో అంటే 3 మిల్లీమీటర్లలోపు గాటు పెట్టి, అల్ట్రాసౌండ్‌తో మసకబారిన లెన్సుని ముక్కలు చేసి పీల్చేసి, మడత లెన్సు పెడతారు, చాలామందికి చుక్కల మందుతోనే మొద్దుబారుస్తారు. ఎస్‌ఐసీఎస్ అని ఇంకో పద్ధతి, అందులో గాటు 6 మిల్లీమీటర్లు, అటూఇటూ, లెన్సులోని గట్టి గుజ్జుని మొత్తంగా బయటికి తీస్తారు, దానికీ మామూలుగా కుట్లు అక్కర్లేదు. అమ్మది బాగా ముదిరిపోయి గోధుమరంగుకి తిరిగింది, అలాంటిదానికి ఫేకో చేస్తే ఎక్కువ పవర్ వాడాలి, కార్నియా, అంటే కంటి ముందుండే పారదర్శక పొర, వాచే రిస్కు పెరుగుద్ది అన్నారు, అందుకే ఎస్‌ఐసీఎస్, కంటి పక్కన ఒక ఇంజెక్షన్, ఖర్చూ తక్కువ. ఫెమ్టో లేజరంటే కొన్ని స్టెప్పులే లేజరు చేస్తది, మిగతాదంతా ఫేకోనే, అంత తేడా కట్టాలా అని నాకైతే అనుమానమే. మల్టీఫోకల్, అంటే దూరం దగ్గర రెండూ కనిపించే లెన్సు, వేస్తే కళ్ళజోడు అవసరం తగ్గుద్ది గానీ రాత్రి లైట్ల చుట్టూ వలయాలు కనిపించొచ్చు. ఒక్క దూరానికే పనికొచ్చే మోనోఫోకలే వేయించాం, దూరం బానే ఉంది, బియ్యంలో రాళ్ళేరడానికి మాత్రం జోడు కావాలి.

రూము సంగతికొస్తే, ఆర్కే బీచ్ దగ్గర దిగాం, గాలి బాగుంది గానీ లిఫ్టు పనిచెయ్యదు, ఆటోవాళ్ళు నోటికొచ్చింది అడుగుతారు. ఆపరేషన్ మర్నాడు పొద్దున్నే కట్టు విప్పించడానికి మళ్ళీ వెళ్ళాలి కదా, ఆసుపత్రి పక్కనే చిన్న రూముకి మారిపోయాం, బకెట్‌తో వేణ్ణీళ్ళు, కింద ఇడ్లీ బండి, చాలు.

చుక్కలు రెండు రకాలు, మధ్య అయిదు నిమిషాల గ్యాప్ ఉండాలి, అమ్మ ఫోన్లో అలారం పెట్టేశాం. తలస్నానం ఇప్పుడే వద్దన్నారు, దానికే గొడవ. "రెండో కన్ను పంట కోతలయ్యాక సూద్దారిలే బాబూ" అంటోంది, డాక్టరు తొందరేం లేదన్నారు కాబట్టి సరే అన్నాం.